కరిగిపోయే సాక్ష్యం

రెండు గొట్టాల మీద రెండు అరచేతులు ఆనించి నిదానం కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చేతికింది గొట్టం చెమర్చి చల్లగా ఉంది. కుడి చేతికింది గొట్టం జ్వరమొచ్చిన బిడ్డ నుదురులా కాలుతోంది. ఇంజను అదురు వేళ్ళలోంచి మోచేతుల దాకా పాకుతుంటే, అందులో ఎక్కడైనా తడబాటు ఉన్నదేమోనని అతడు ఓపికగా వెతుకుతున్నాడు.

“నాడి దొరికిందా బావా?” అని పక్క కారు కింది నుంచి బావమరిది అడిగాడు.

“దొరికింది. బాగానే ఉంది. నీది కూడా చూడమంటావా?”

“నాది పట్టుకుంటే మధ్యాహ్నం దాకా వదలరు. నాకు పనుంది.”

కార్ల ఏసీలు బాగుచేసే ఆ షెడ్డు బావమరిదిది. నిదానం అందులో పనివాడు. అక్క మొగుడన్న గౌరవం వల్ల ‘మీరు’ అనడమే తప్ప, పనిలో తొందరపెట్టడానికి బావమరిది ఏనాడూ మొహమాటపడలేదు.

నిదానం అన్నది అతడి అసలు పేరు కాదు. ఎవరైనా మర బిగిస్తుంటే భుజం తట్టి ‘నిదానంగా, నిదానంగా’ అనే అలవాటు చూసి ఎప్పుడో ఎవరో అంటించిన మాట అది. అంటుకున్న మాట అసలు పేరును మెల్లగా తినేసింది. పొట్టి మనిషి. బానెట్ల మీదికి వంగీ వంగీ మెడ కాస్త ముందుకు సాగింది. నిటారుగా నిలబడినప్పుడు కూడా ఎవరి మాటో వినడానికి వంగినట్టే కనిపిస్తాడు. వేళ్ళ కణుపులు లావెక్కాయి. కుడి మణికట్టు మీద చొక్కా బొత్తామంత తెల్లమచ్చ ఉంది. అది నిప్పుకు కాలింది కాదు, ఒకనాడు చిమ్మిన గ్యాసు చలికి కాలింది. చలి కూడా కాల్చగలదన్న సంగతి అతడు చిన్నతనంలోనే, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసిన రోజుల్లోనే నేర్చుకున్నాడు. అక్కడి నుంచి ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణానికి, అక్కడి నుంచి ఈ షెడ్డుకు వచ్చాడు. బతుకంతా చలిని పట్టి ఏదో ఒక పెట్టెలో బంధించడంతోనే సరిపోయింది.

అతడి కాపురం షెడ్డు వెనక గోడనానుకుని ఉన్న రెండు రేకుల గదులలో. వంటగది కిటికీ తెరిస్తే షెడ్డంతా కనిపిస్తుంది. అతడి భార్య లోకంతో మాట్లాడేది ఎక్కువగా ఆ కిటికీలోంచే.

“ఊరందరికీ చల్లదనం పంచుతారు,” అన్నది ఆమె, గిన్నె తోముతూ. “మన ఫ్యాను మెడ మాత్రం ఒకవైపే పట్టేసింది. దాన్ని చూసే తీరిక లేదు.”

“ఒకవైపు తిరుగుతోంది కదా?”

“మీ వైపు.”

కారు కింద బావమరిది పడీ పడీ నవ్వాడు. నిదానం బానెట్ దించి, అది సరిగ్గా పడిందో లేదో అరచేత్తో నొక్కి చూసి, “సాయంత్రం చూస్తాను,” అన్నాడు.

“ఏ సంవత్సరం సాయంత్రం?” అని ఆమె కిటికీ మూసింది.

అప్పుడే తెల్లవ్యాను ఒకటి వచ్చి షెడ్డు ముందు ఆగింది. నడవలేని ముసలివాళ్ళను ఇళ్ళ నుంచి వైద్యశాలకూ, వైద్యశాల నుంచి ఇళ్ళకూ చేర్చే సంస్థది అది. ఆ సంస్థ బండ్లన్నీ ఈ షెడ్డుకే వస్తాయి. నడిపేది నలభై దాటిన ఒక ఆవిడ. జుట్టంతా వెనక్కి లాగి బిగించిన ముడి, సంస్థ గుర్తున్న చొక్కా, ఎండకు ఒకవైపే నల్లబడిన ముంజేయి. దిగి తలుపు మెల్లగా వేసింది. బండి మీద కోపం చూపే మనిషి కాదని నిదానానికి ఆ తలుపు చప్పుడే చెప్పింది. వెనకనే మోటారుసైకిలు మీద సంస్థ సూపర్‌వైజరు వచ్చాడు.

“ఈ బండి ఏసీ బాగుందో లేదో ఒక్క మాట చెప్పండి చాలు,” అన్నాడు సూపర్‌వైజరు, హెల్మెట్ తీయకుండానే. “మావాళ్ళు చూశారు. బాగుందన్నారు. బయటివాళ్ళు కూడా చూడాలని ఈవిడ పట్టు.”

“బాగుందనే నేనూ అంటున్నాను సార్,” అన్నది డ్రైవరు. “బాగున్నప్పుడు బాగుంటుంది. పోయినప్పుడు పోతుంది.”

“విన్నారా? వారం నుంచి ఇదే పాట.”

జరిగినది ఇది. క్రితం వారం, మిట్టమధ్యాహ్నం, ఊరి చివరి ఇంటికి పోతుండగా ఈ వ్యాను వెనక సీటులో ఒక పెద్దాయన ఉక్కకు స్పృహ తప్పాడు. ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ ఆయన కూతురు సంస్థకు ఫోను చేసి నిలదీసింది. సంస్థవాళ్ళు బండి చూశారు, ఏసీ మంచులా వచ్చింది. ఏసీ బాగున్న బండిలో మనిషి ఉక్కకు పడిపోయాడంటే, డీజిలు మిగుల్చుకోవడానికి డ్రైవరే దాన్ని కట్టేసిందని తేల్చారు. ఈ సాయంత్రంలోగా ఆమె తాళాలు అప్పగించాలి. ముసలాయనను ఉక్కపెట్టి పడగొట్టిన డ్రైవరని పేరు పడ్డాక మరే సంస్థా ఆమె చేతికి స్టీరింగు ఇవ్వదు. లోకంలో శిక్షకు ఎప్పుడూ తొందరే. విచారణ మాత్రం ఎవరికి తీరిక దొరుకుతుందా అని గుమ్మం దగ్గర కాచుకుని ఉంటుంది.

బావమరిది కారు కింది నుంచి వచ్చి, ఇంజను వేసి, ముందు గాలి రంధ్రం దగ్గర చెయ్యి పెట్టాడు. “మంచు సార్,” అన్నాడు. “ఇంతకంటే చల్లగా వస్తే లోపల కూరగాయలు పెట్టుకోవచ్చు.”

సూపర్‌వైజరు తల ఊపి మోటారుసైకిలు వైపు తిరిగాడు. డ్రైవరు జేబులో ఉన్న తాళాల గుత్తిని బయటి నుంచే ఒకసారి అదిమి పట్టుకున్నది.

నిదానం ఆమె దగ్గరికి వెళ్ళాడు. “పోయినప్పుడు గాలి ఆగుతుందా అమ్మా, చల్లదనం ఆగుతుందా?”

“గాలి వస్తుంది బాబాయ్ గారూ. నోటితో ఊదినట్టుంటుంది.”

“ఎక్కగానేనా?”

“కాదు. చాలా దూరం పోయాక. ఆ రోజు బండి ఆపి, పెద్దాయన్ని దింపి, నీడలో కూర్చోబెట్టి, మొహం మీద నీళ్ళు చల్లి, మళ్ళీ ఎక్కించేసరికి చల్లగా వచ్చేసింది. ఇక ఆఫీసు దాకా వెళ్ళిందంటే, మేస్టారు రాగానే చేతులు కట్టుకునే పిల్లాడే అది.”

నిదానం మెడ ఇంకాస్త ముందుకు సాగింది. ఈ మాటలోని వరస అతడికి నచ్చింది. అబద్ధం చెప్పేవాళ్ళు ఎప్పుడూ ‘అస్సలు రాదు’ అంటారు. ‘వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది’ అని తమకే నష్టం చేసే మాట చెప్పరు.

“సారూ, ఒకసారి వెనక సీటులో కూర్చుంటారా?” అన్నాడు.

“నేనా? ఎందుకు?”

“నేనూ కూర్చుంటాను. ముందు కూర్చునేవాడు గాలి రంధ్రం తన వైపు తిప్పుకుంటాడు. వెనక కూర్చునేవాళ్ళకు మిగిలింది వస్తుంది. పడిపోయిన పెద్దమనిషి కూర్చున్నది వెనకే కదా.”

ఇది అతడి పద్ధతి. ఏ బండినైనా అద్దాలన్నీ ఎత్తించి, వెనక సీటులో తాను కూర్చుని తిరిగివచ్చేదాకా అప్పగించడు. ఈ పద్ధతి వల్ల షెడ్డుకు మంచిపేరు ఎంత వచ్చిందో, బావమరిదికి తలనొప్పి అంత వచ్చింది.

“మా బావ వెనక సీటు ఎక్కితే కాపురం పెట్టినట్టే సార్,” అన్నాడు బావమరిది. “మీ పని చూసుకోండి.”

“ఎంతసేపు?” అని సూపర్‌వైజరు అడిగాడు.

“అది పోయేదాకా.”

“పోకపోతే?”

నిదానం డ్రైవరు వైపు చూశాడు. “పోకపోతే ఈ అమ్మాయే తాళాలు మీ చేతికిస్తుంది. ఏమ్మా?”

“ఇస్తాను,” అన్నది ఆమె. ఆ మాటకు ముందు తీసుకున్న ఊపిరి అందరికీ వినపడింది.

నిదానం గ్యాసు ఒత్తిడి కొలిచే గేజీల జతను తీసుకుని, దాని రెండు రబ్బరు గొట్టాలను బానెట్ సందులోంచి లోపలికి పంపి బిగించాడు. గేజీలను ముందు అద్దం మీది వైపరుకు తాడుతో కట్టాడు, ముఖాలు లోపలివైపు తిప్పి. బండి నడుస్తుండగా లోపలి గ్యాసు ఏం చేస్తున్నదో సీట్లోంచే చదువుకోవచ్చు. అద్దాలు ఎత్తారు. వ్యాను కదిలింది.

“రోజూ పోయే దారిలోనే పోనీ అమ్మా. నా కోసం మంచి రోడ్డు వెతక్కు.”

మొదట చలి బాగానే ఉంది. సూపర్‌వైజరు హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు. కాసేపటికి చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు. ఒకసారి తుమ్మాడు. తుమ్ము తన పక్షాన సాక్ష్యం చెప్పినట్టు సంతృప్తిగా ముక్కు తుడుచుకున్నాడు. వ్యాను వైద్యశాల దాటింది, దుకాణాల వీధి దాటింది, గోదాముల వరస దాటింది. ఎండ రోడ్డు మీద తెల్లగా పరుచుకుని ఉంది. ప్రతి మలుపు దగ్గరా ఆమె అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూసేది. వెనకవాళ్ళలో ఎవరికైనా చెమట పట్టిందా అని. తన బతుకు మరొకరి చెమట మీద ఆధారపడటం ఎలాంటిదో ఆ చూపులో ఉంది.

నిదానం మాత్రం ఎడమ గేజీ ముల్లు తప్ప మరేదీ చూడటం లేదు. ఊరి చివరి వంతెన దిగుతుండగా ఆ ముల్లు ఒక్క గీత కిందికి జారింది. మళ్ళీ ఒకటి. తరువాత, బావిలోకి దిగే చేదలా, ఆగకుండా దిగిపోయింది. అతడు నోరు విప్పలేదు. ఈ సంగతి తన నోటి నుంచి రాకూడదు.

సూపర్‌వైజరు చేతులు విప్పాడు. పై బొత్తాం తీశాడు, తీసిన సంగతి తనకే తెలియకుండా. చేతిరుమాలు మెడ వెనక పెట్టుకున్నాడు. ఇంకాస్త దూరం పోయాక ముందుకు వంగి అన్నాడు, “కొంచెం ఏసీ పెంచండమ్మా.”

డ్రైవరు అద్దంలోంచి అతడిని చూసింది.

“మీరే చూడండి సార్,” అన్నది డ్రైవరు. “ఆఖరుకే తిప్పి ఉంది.”

అతడు చూశాడు. ఏసీ మీట ఆఖరునే ఉంది. గాలి గట్టిగా వస్తోంది. నోటితో ఊదినట్టు, వెచ్చగా.

“ఆ టీ కొట్టు దగ్గర ఆపమ్మా,” అన్నాడు నిదానం. “ఇంజను మాత్రం ఆపకు. ఆపితే దొంగ పారిపోతాడు.”

టీ కొట్టువాడి దగ్గర సల సల కాగే నీళ్ళు ఒక చెంబుతో అడిగి తెచ్చాడు. బానెట్ ఎత్తి, లోపలి గోడ దగ్గర బొటనవేలంత ఉన్న ఒక వాల్వు చుట్టూ గుడ్డపీలిక చుట్టాడు. గ్యాసు ఆ వాల్వులోని సన్నటి రంధ్రం గుండా దూరినప్పుడే చల్లబడుతుంది. సూపర్‌వైజరును పిలిచి గేజీ ముందు నిలబెట్టాడు. అప్పుడు గుడ్డ మీద వేడినీళ్ళు పోశాడు, నిదానంగా, ధార తెగకుండా. ముల్లు ఒకసారి వణికింది. తరువాత నిద్రలేచిన మనిషిలా పైకి లేచి తన చోట నిలబడింది.

“వచ్చింది,” అన్నది డ్రైవరు, లోపలి నుంచి. “బాబాయ్ గారూ, చలి వచ్చింది.” ఆమె అరచెయ్యి గాలి రంధ్రం మీదే ఉంది. ఎంతసేపటికీ తీయలేదు.

“లోపల చిన్న నీటిచుక్క ఉంది సారూ,” అన్నాడు నిదానం. “గ్యాసుతో పాటు తిరుగుతూ ఉంటుంది. చాలా దూరం పోయాక ఈ రంధ్రం దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది. బండి ఆపితే కరిగిపోతుంది. మీవాళ్ళు చూసేసరికి సాక్ష్యం నీళ్ళైపోయింది. ఈ అమ్మాయి చెప్పింది అక్షరం తప్పు లేదు.”

సూపర్‌వైజరు రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. పైవాళ్ళు అడిగిన ప్రశ్నకు దగ్గరలో దొరికిన జవాబు పట్టుకున్నవాడు, అంతే. అలాంటివాళ్ళ వల్ల జరిగే అన్యాయం చెడ్డవాళ్ళ వల్ల జరిగేదానికంటే తక్కువేమీ కాదు.

తిరుగుదారిలో నిదానం గేజీ చూడలేదు. నీళ్ళు లోపలికి ఎలా వెళ్ళాయో ఆలోచిస్తున్నాడు. ఆలోచించేంత లోతు కూడా లేదందులో. నెల కిందట రాయి తగిలి ఈ బండి ముందు భాగంలో ఏసీ గ్యాసు తిరిగే జాలీ చిల్లిపడితే మార్చింది తమ షెడ్డులోనే. గొట్టాలు విప్పితే గాలీ తేమా లోపలికి వెళతాయి. కొత్త జాలీ బిగించాక రెంటినీ పంపుతో లాగేయాలి. ఆ పంపు పెట్టగానే గేజీ ముల్లు చూస్తుండగానే అడుగుకు పోతుంది. తెలియనివాడు పని అయిపోయిందనుకుంటాడు. నిజానికి పని అప్పుడు మొదలవుతుంది. గాలి వెంటనే పోతుంది కానీ, గొట్టాల మూలల్లో అంటుకున్న తడి ఆవిరై రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ రోజు పంపు పెట్టి, ‘ముట్టుకోకు’ అని బావమరిదికి చెప్పి, అతడు భోజనానికి వెళ్ళాడు. తిరిగివచ్చేసరికి పంపు మరో కారుకు బిగించి ఉంది. ‘అప్పుడే అయిందా?’ అంటే ‘ఎప్పుడో’ అన్నాడు బావమరిది. నిదానం ఇంకో ప్రశ్న వేయలేదు. ఆ బండి వెనక సీటులో తాను తిరిగిందీ కొద్ది దూరమే. భోజనం తరువాతి బద్ధకం కావచ్చు. బావమరిదిని పదిమందిలో నిలదీయడం ఎందుకన్న మొహమాటమూ కావచ్చు.

వ్యాను షెడ్డులో ఆగగానే బావమరిది ముగ్గురి ముఖాలూ చదివాడు. తెలివైనవాడు. విషయం సగం వినగానే అర్థమైంది.

“వాతావరణం సార్,” అన్నాడు. “ఉక్కపోత రోజులు. ఏ బండికైనా తేమ పడుతుంది.”

“ఊరికే పడుతుందా?” అని సూపర్‌వైజరు అడిగాడు. “పైకి ఏదో ఒక కారణం చెప్పాలి నేను. గతుకుల్లో బండిని ఎత్తి కుదేస్తే పడుతుందా?”

బావమరిది కళ్ళు ఒక్కసారి డ్రైవరు మీదికి పోయి వచ్చాయి. “అదీ ఒక కారణమే,” అన్నాడు.

ఇప్పుడే ఒక మూటను దింపుకున్న మనిషి నెత్తిన మరో మూట ఎత్తుతున్నారు. నిదానం చేతులు తుడుచుకుంటున్నాడు, ఒక్కొక్క వేలూ విడివిడిగా. ఆఖరి వేలు అయ్యాక గుడ్డ బల్ల మీద పెట్టాడు.

“గతుకులకు నీళ్ళు పడవు సారూ,” అన్నాడు. “నీళ్ళు పడింది ఈ షెడ్డులో. పోయిన నెల జాలీ మార్చినప్పుడు పంపు తొందరగా తీసేశాం. బండి నడిపిన మనిషికీ దీనికీ ఏ సంబంధం లేదు.”

“తీసింది మీరేనా?”

“షెడ్డు తీసింది. ఆ షెడ్డులో నేనున్నాను.”

బావమరిది తల తిప్పుకుని రోడ్డు వైపు చూశాడు. సూపర్‌వైజరు డ్రైవరుతో అన్నాడు, “రేపటి నుంచి మామూలుగా డ్యూటీకి రండి. ఈ బండి అయ్యేదాకా వేరే బండి తీసుకోండి.” తరువాత బావమరిది వైపు తిరిగి, “మిగతా బండ్ల సంగతి పైవాళ్ళు చెబుతారు,” అన్నాడు.

“సార్,” అన్నది డ్రైవరు. “ఆ పెద్దాయన కూతురికి కూడా మీరే చెప్పాలి. నేను కట్టేయలేదని.”

“చెబుతానమ్మా.”

“ఇప్పుడు చెప్పండి. ఆవిడ నన్ను అన్న మాటలన్నీ అప్పుడే అన్నారు. ఇది మాత్రం తరువాతెందుకు?”

అతడు ఫోను తీసి, ఆమె ముందే నిలబడి, చెప్పాడు. ‘మా పొరపాటు’ అన్నాడు ఒకసారి. అవతలి మనిషికి వినపడలేదు కాబోలు, మళ్ళీ గట్టిగా అన్నాడు. డ్రైవరు ఆ మాట పూర్తిగా విని, జేబులోంచి చెయ్యి తీసి, వెళ్ళేముందు నిదానానికి తల వంచి నమస్కరించింది.

వాళ్ళు వెళ్ళాక బావమరిది రెంచిని పెట్టెలోకి విసిరాడు. “పరువు తీశారు బావా.”

“తీసింది నేను కాదు. పంపు.”

“వాతావరణం మీదికి తోస్తే ఎవడికి నష్టం? వాతావరణం వచ్చి కేసు వేస్తుందా?”

“వాతావరణంతో ఆగావా? ఆ అమ్మాయి మీదికి తోశావు.”

వంటగది కిటికీ తెరుచుకుంది. “ఒరేయ్ తమ్ముడూ, ‘ముట్టుకోకు’ అని ఆ రోజు ఆయన చెప్పి రావడం ఈ కిటికీలోంచే విన్నాను.”

“నువ్వు అక్కవా, ఆయన వకీలువా?”

“అక్కను కాబట్టే ఇప్పటిదాకా ఊరుకున్నాను. ఆడమనిషి నోటికాడి కూడు లాగబోయావు. అమ్మ ఉంటే వీపు విమానం మోత మోగేది.”

బావమరిది నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. “ఆ బండ్లు పోతే షెడ్డు ఏం తింటుంది? అది చెప్పండి ఇద్దరూ.”

“బండ్లు వస్తాయి,” అన్నాడు నిదానం. “తను చేసిన తప్పు తనే పట్టుకునే షెడ్డు ఊళ్ళో ఎన్ని ఉన్నాయి? తెలిస్తే వస్తారు.”

“తెలిస్తే పారిపోతారు.”

“చూద్దాం. నిదానంగా.”

బావమరిదికి నవ్వు రాబోయి ఆగింది. కోపాన్ని దక్కించుకోవడానికి చొక్కా మార్చుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నమంతా నిదానం ఆ వ్యాను పనే చేశాడు. ఉన్న గ్యాసు తీసేశాడు. తడిని పీల్చే డబ్బా పాతది ఇక దేనికీ పనికిరాదు, కొత్తది పెట్టాడు. విప్పిన ప్రతి కీలు దగ్గరా రబ్బరు చుట్ట మార్చి, దాని మీద చూపుడువేలితో నూనె రాశాడు. అలా రాయడంలో పసిబిడ్డకు కాటుక పెట్టేవాళ్ళ జాగ్రత్త ఉంది. ఎక్కడా బలం వాడలేదు. అన్నీ బిగించి పంపు వేశాడు. ముల్లు వెంటనే అడుగుకు పోయింది. అతడు దానికేసి చూడను కూడా చూడలేదు. చెక్కపెట్టె ఒకటి లాక్కుని, ఇనుప స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

పంపు ఒకే శ్రుతిలో గుర్రుమంటోంది. రేకుల మీద నుంచి ఎండ మెల్లగా వెనక్కి తగ్గుతోంది. అతడికి ఈ వేళ ఏ వెలితీ అనిపించలేదు. తన పని తనకు తెలుసు. తెలిసిన పనిని తెలిసినట్టే చేశాడు. చెప్పవలసిన మాట చెప్పవలసినవాళ్ళ ముందు చెప్పాడు. పెద్ద పెద్ద మనుషులకు కూడా రోజు ముగిసేటప్పటికి ఇంతకంటే ఎక్కువ మిగలదని అతడి నమ్మకం.

భార్య కిటికీ చట్రం మీద టీ గ్లాసు పెట్టింది. “ఇంకా ఎంతసేపు?”

“దాని ఇష్టం.”

“మీ ఇష్టం అంటూ ఎప్పుడూ ఏదీ లేదా?”

“ఇదే నా ఇష్టం,” అన్నాడు అతడు.

ఆమె అతడి ముఖం చూసి, ఆరిన బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళింది. అతడు లేచి టీ తాగి, గ్లాసు కడిగి చట్రం మీద బోర్లించి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఎడమ భుజం ఎందుకో లాగింది. సర్దుకుని కూర్చున్నాడు. పంపు చప్పుడుకు కళ్ళు మూసుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు బావమరిది తిరిగివచ్చాడు. దారిలోనే కోపం అరిగిపోయింది. ఏదో ఒక మాటతో మొదలుపెట్టాలి కనుక, “బావా, ముల్లు ఎప్పుడో అడుగుకు పోయింది. ఇంకా చాలదా?” అన్నాడు, తిట్టు తినడానికి సిద్ధపడి. తిట్టు రాలేదు. పంపు తిరుగుతూనే ఉంది. నిదానం స్తంభానికి ఆనుకుని, మెడ కొద్దిగా ముందుకు వంచి, వింటున్నట్టే కూర్చుని ఉన్నాడు. భుజం మీద చెయ్యి వేశాక తెలిసింది. ఒళ్ళు చల్లబడిపోయింది; బావమరిది అక్కను పిలుస్తూ కిటికీ వైపు పరుగెత్తాడు.

ఆ సాయంత్రం పంపును ఎవరు ఆపారో తరువాత ఎవరికీ జ్ఞాపకం లేదు.

షెడ్డు మళ్ళీ తెరిచిన రోజు బావమరిది మొట్టమొదట ఆ వ్యాను దగ్గరికే వెళ్ళాడు. మిగతా బండ్లు వస్తాయో రావో అప్పటికింకా కబురు లేదు. ఆగిపోయిన దగ్గరి నుంచి కాక, పని మొదటి నుంచి మొదలుపెట్టాడు. పంపు వేసి, దాని పక్కనే కూర్చున్నాడు. ఎవరో ఖాతాదారు వచ్చి తన కారు ముందు చూడమని రెండుసార్లు తొందరపెట్టాడు.

“ఖాళీ లేదండీ. కూర్చోండి,” అన్నాడు బావమరిది.

మధ్యాహ్నం కిటికీ తెరుచుకుంది. అక్క అతడినీ, పంపునూ మార్చి మార్చి చూసింది. “వచ్చి తిని వెళ్ళు,” అన్నది. “దాన్ని తిరగనీ.”

మరునాడు డ్రైవరు వచ్చి వ్యాను తీసుకుపోయింది. గోదాములు దాటినా, వంతెన దిగినా, ఊరి చివర ఇళ్ళు కనిపించినా చలి తగ్గలేదు. ఆమె రెండుసార్లు గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూసి, మూడోసారి చూడటం అనవసరమనుకుని స్టీరింగు పట్టుకున్నది. మొదటి ఇంటి దగ్గర ఒక ముసలావిడను చెయ్యి పట్టి వెనక సీటులోకి ఎక్కించింది.

“ఇక్కడ ఏదో పరిచి ఉందేమిటమ్మా?” అన్నది ముసలావిడ. “తీసేయనా?”

డ్రైవరు వంగి చూసింది. తన బట్టల నూనె మరక సంస్థవాళ్ళ సీటుకు అంటకూడదని ఆ రోజు నిదానం పరుచుకుని కూర్చున్న గుడ్డ అది. దిగేటప్పుడు మరిచిపోయాడు.

“తీయకండి మామ్మగారూ,” అన్నది. “మీరు ఇటు పక్కన కూర్చోండి.”

తలుపు మెల్లగా వేసింది. వ్యాను కదిలింది. కిటికీ పక్కన, నాలుగంచులూ చేతికుట్టుతో మడిచిన ఆ నీలం పాతచీర ముక్క, ఒక మనిషి కూర్చుని లేచిన ముడతలతో, మెల్లగా చల్లబడుతూ ఉంది.